అరవై సెకన్ల ప్రదర్శన క్షేత్రం: మామిడి నేరు అమ్మకాలకు చిన్న వీడియోలు

బంగినపల్లి మామిడి రైతుకు కోతల కాలంలో అన్నిటికంటే కొరతగా ఉండేది సమయం. ముదిరిన కాయను చెట్టుపై ఎక్కువ రోజులు నిలపలేరు. ఒక్క గాలివాన వస్తే ఏడాది శ్రమ రాత్రికి రాత్రి నేలరాలుతుంది. కోసిన కాయ మాగడం మొదలుపెట్టిన తరువాత దాన్ని ఆపే వసతి చిన్న రైతుల వద్ద సాధారణంగా ఉండదు. పూత దశలోనే తోటను గుత్తకు ఇవ్వని రైతు ఈ కొద్ది రోజులలోనే కాయను మండీకి తోలాలా, నేరుగా వినియోగదారునికి అమ్మాలా అన్నది తేల్చుకోవాలి. మండీలో ధర అతని చేతిలో ఉండదు. నేరు అమ్మకంలో ధర చేతిలో ఉంటుంది గాని, కొనేవారు ఎక్కడున్నారో తెలియదు.

ఈ రెండవ చిక్కుకు పరిష్కారంగా చాలామంది యువరైతులు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు చరవాణిలో తీసే చిన్న వీడియోలను ఆశ్రయిస్తున్నారు. నిమిషం లోపు నిడివి, నిలువు చట్రం, ఖర్చు దాదాపు శూన్యం. అయితే ఫలితాలు ఒకే తీరుగా లేవు. వేలమంది చూసినా పది పెట్టెలు కదలని వీడియోలు ఉన్నాయి. తోటలో ఉన్న కాయకు మించి ఆర్డర్లు తెచ్చి, వాటిని నెరవేర్చలేక రైతు పేరు చెడగొట్టే వీడియోలూ ఉంటాయి. మొదటి దానితో నష్టపోయేది ఒక వారపు శ్రమ. రెండవ దానితో నష్టపోయేది మరుసటి ఏడాది కొనుగోలుదారులు.

ఈ తేడాకు మూలం కెమెరా నాణ్యతలోనో, పాటల ఎంపికలోనో లేదు. వ్యవసాయ విస్తరణ విద్య శతాబ్దానికి పైగా బోధిస్తున్న ప్రదర్శన సూత్రాన్ని పాటించడంలోనూ, విస్మరించడంలోనూ ఉంది. కెమెరా చూపగలిగినదే చెప్పడం, తోట ఇవ్వగలిగినంతే అడగడం అన్న రెండు హద్దులలో నిలిచిన వీడియో మాత్రమే అమ్మకాన్ని నిలబెడుతుంది.

తెర మీది వ్యవసాయం: నడిచి వచ్చిన దారి

వ్యవసాయ విజ్ఞానాన్ని తెరపై చూపడం మన దేశంలో కొత్త కాదు. దూరదర్శన్‌లో 'కృషి దర్శన్' 1967 జనవరి 26న ప్రారంభమైంది. తెలుగునాట ఈటీవీ 'అన్నదాత' వంటి కార్యక్రమాలు ఒక తరం రైతులకు ఉదయపు అలవాటుగా మారాయి. ఈ కార్యక్రమాలన్నిటా చెప్పేవారు కొద్దిమంది, చూసేవారు లక్షలమంది.

2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ సంస్థలో ఆరంభమైన డిజిటల్ గ్రీన్ ప్రయోగం ఈ క్రమాన్ని మార్చింది. స్థానిక రైతులే పాత్రధారులుగా, స్థానిక భాషలో, తక్కువ ఖర్చుతో వీడియోలు తీసి, ఊరిలో చిన్న బృందాలకు చూపి, మధ్యవర్తి ద్వారా చర్చ జరపడం దాని పద్ధతి. తనలాంటి రైతు, తన యాసలో, తన నేల వంటి నేల మీద చేసి చూపితే నమ్మకం కుదురుతుందన్నది ఆ ప్రయోగం విస్తరణ శాస్త్రానికి ఇచ్చిన పాఠం.

2020 జూన్ 29న భారత ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. ఆ ఖాళీలో జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలో అందుబాటులోకి వచ్చాయి. షార్ట్స్ నిడివి తొలుత 60 సెకన్లకే పరిమితం కాగా, 2024 అక్టోబరు నుండి 3 నిమిషాల వరకు అనుమతిస్తున్నారు. నిడివి పెరిగినంత మాత్రాన దానిని పూర్తిగా వాడుకోవాలని లేదు. ఒక పెట్టె మామిడి అమ్మకానికి అవసరమైన రుజువును చూపడానికి నిమిషం చాలును.

నిషేధం నాటి అనుభవం మరొక పాఠం కూడా నేర్పుతుంది. ఒక వేదిక మీదనే కట్టుకున్న పరిచయాలు ఆ వేదికతో పాటే ఒక్క రోజులో పోవచ్చు. అందువలన చూసినవారిని కొనుగోలుదారుల ఫోను జాబితాలోకి తెచ్చుకోవడం ప్రతి వీడియో తుది లక్ష్యంగా ఉండాలి.

ప్రదర్శన సూత్రమే పునాది

1903లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, టెర్రెల్ పట్టణ సమీపాన సీమన్ నాప్ ఒక సాధారణ రైతు పొలంలోనే ప్రదర్శన క్షేత్రాన్ని ఏర్పాటు చేయించాడు. ప్రభుత్వ క్షేత్రంలో పండితే అది ప్రభుత్వం గొప్పతనం. పొరుగువాని పొలంలో పండితే అది నమ్మదగిన రుజువు. విస్తరణ విద్యార్థులు నేటికీ చదివే ఫలిత ప్రదర్శన, పద్ధతి ప్రదర్శన అన్న రెండు విధానాలకు ఈ ఆలోచనే వెన్నెముక.

మామిడి కొనే పట్టణవాసి స్థితి ఆనాటి రైతు స్థితికి భిన్నమైనది కాదు. అతడూ సందేహంతోనే ఉంటాడు. ఆ సందేహాలు సాధారణంగా నాలుగు: కాయ ముదిరిన తరువాతే కోశారా? కార్బైడ్ వాడారా? చెప్పిన తూకం, చెప్పిన పరిమాణం వస్తాయా? దెబ్బతిన్న కాయ వస్తే ఎవరిని అడగాలి? ఈ నాలుగింటిలో ఒక్కదానికీ జవాబు చెప్పకుండా, డ్రోన్‌తో తీసిన తోట దృశ్యాలు, సినిమా పాట, 'స్వచ్ఛమైన తియ్యని పండ్లు' అన్న మాట మాత్రమే ఉన్న వీడియో కంటికి ఇంపుగా ఉంటుంది గాని సందేహాన్ని తీర్చదు.

ఎవరెట్ రోజర్స్ 1962లో ప్రచురించిన నవకల్పనల వ్యాప్తి సిద్ధాంతం ఇక్కడ మరొక విధంగా ఉపకరిస్తుంది. కొత్తదానిని జనం స్వీకరించడానికి తోడ్పడే గుణాలలో పరిశీలనకు అందడం, చిన్న మోతాదులో ప్రయత్నించి చూడగలగడం అన్న రెండింటిని ఆయన పేర్కొన్నాడు. మొదటి గుణాన్ని వీడియో తీరుస్తుంది. రెండవ దానిని పెట్టె తీర్చాలి. ఎన్నడూ చూడని రైతు వద్ద 10 కిలోలు కొనడానికి వెనుకాడే కుటుంబం 3 కిలోల పెట్టెను కొని చూడడానికి ముందుకు రావచ్చు. చిన్న పెట్టె లేని చోట మంచి వీడియో కూడా సగం పనే చేయగలదు.

కెమెరా ఏమి చూపగలదు, ఏమి చూపలేదు

వీడియో తీయడానికి ముందు ఈ విభజనను కాగితం మీద రాసుకోవడం అవసరం.

కాయ పక్వతను కెమెరా చూపగలదు. ముదిరిన బంగినపల్లి కాయ భుజాలు ముచ్చిక దాటి పైకి ఉబ్బి ఉంటాయి. తొక్క ముదురు ఆకుపచ్చ నుండి లేత వన్నెకు మారుతుంది. కోసి చూస్తే టెంక గట్టిపడి, గుజ్జు లేత పసుపు రంగుకు తిరిగి ఉంటుంది. ముదిరిన కాయ సాపేక్ష సాంద్రత 1 దాటుతుంది గనుక నీటి తొట్టిలో మునుగుతుంది, లేత కాయ తేలుతుంది. ఇవన్నీ కంటికి కనిపించే రుజువులే. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా తిరుగులేనిది కాదు కనుక రెండింటిని కలిపి చూపడం మేలు.

కోత పద్ధతినీ చూపగలదు. చిక్కంతో కాయను నేల తగలకుండా దించడం, కొంత తొడిమతో కోయడం, తరువాత తొడిమ తీసి కాయను బోర్లించి సొన కారనివ్వడం, నీడలో ఆరబెట్టడం చూపిస్తే వేరే వర్ణన అక్కరలేదు. కాటా మీద పెట్టె తూకం, పెట్టెలో కాయల అమరిక, రైతు ముఖం, తోట ఉన్న ఊరి పేరు కూడా చూపగలిగినవే. పండు రసాన్ని చేతి రిఫ్రాక్టోమీటరుపై వేసి, కరిగిన ఘనపదార్థాల శాతాన్ని చూపితే తీపికి కూడా కొంతవరకు రుజువు ఇచ్చినట్లే. కాకపోతే అది ఆ ఒక్క పండు కొలత మాత్రమేనని, తోటంతటికీ వర్తించే హామీ కాదని చెప్పడం నిజాయితీ.

పురుగుమందుల అవశేషాలు లేవన్న సంగతిని మాత్రం కెమెరా చూపలేదు. అది ప్రయోగశాల నివేదిక తేల్చవలసిన విషయం. సేంద్రియ సాగు చరిత్రను కూడా చూపలేదు. అది ధ్రువపత్రం, సాగు రికార్డు చెప్పవలసిన విషయం. పండు ఏదో ఒక వ్యాధిని తగ్గిస్తుందన్న మాట అసలే చెప్పరాదు. చూపలేని విషయాలను గొంతు పెంచి చెప్పినంత మాత్రాన అవి రుజువులు కావు. పత్రం ఉంటే పత్రాన్ని చూపాలి. లేకపోతే ఆ మాటను వదిలివేయాలి.

మాగబెట్టడం గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కాల్షియం కార్బైడ్ తేమ తగిలినప్పుడు ఎసిటిలీన్ వాయువును విడుదల చేస్తుంది. వాణిజ్య కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ సమ్మేళనాల జాడలు ఉండే ప్రమాదం ఉంది. పండ్లను మాగబెట్టడానికి దీని వాడకాన్ని ఆహార భద్రత నిబంధనలు నిషేధించాయి. ఇథిలీన్ వాయువును మాత్రం 100 పీపీఎం గాఢత వరకు అనుమతించాయి. చాలామంది అమ్మకందారులు 'ఏ మందూ లేకుండా సహజంగా మాగినవి' అని చెప్పడమే మంచి ప్రచారమని భావిస్తారు. ఇథిలీన్ గదిలో మాగబెట్టిన రైతు ఆ విషయాన్ని దాచవలసిన పని లేదు. కాయ మాగేటప్పుడు తనంతట తాను విడుదల చేసే వాయువు ఇదేనని, అనుమతించిన మోతాదులోనే వాడామని 40 సెకన్లలో చెప్పిన వీడియో, అబద్ధపు 'సహజం' కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. వరిగడ్డిలో మాగవేసిన రైతు గడ్డి తొలగించి పండును చూపితే చాలు. పచ్చికాయలే పంపే రైతు ఇంటి వద్ద మాగబెట్టుకునే విధానాన్ని వీడియోగా పంపితే ఫిర్యాదులు చాలావరకు తగ్గుతాయి.

ఒక వీడియో, ఒక సందేహం, ఒక అభ్యర్థన

నాలుగు సందేహాలకు నాలుగు వీడియోలు అవసరం. అన్నిటినీ ఒకే నిమిషంలో కూర్చితే ఏదీ మనసులో నిలవదు. పద్ధతి ప్రదర్శనలో ఒకసారికి ఒకే నైపుణ్యాన్ని నేర్పాలన్న నియమమే ఇక్కడ కూడా వర్తిస్తుంది.

చూసేవారి బొటనవేలు తెరను పైకి తోయడానికి సిద్ధంగా ఉంటుంది. కాబట్టి మొదటి మూడు సెకన్లు నిర్ణయాత్మకం. 'అందరికీ నమస్కారం, మన ఛానెల్‌కు స్వాగతం' అన్న ఆరంభంతో ఆ మూడు సెకన్లూ ఖర్చయిపోతాయి. పలకరింపు మర్యాదే గాని, దాని చోటు ఇది కాదు. రుజువు ముందు రావాలి, పరిచయం తరువాత రావాలి.

పక్వత సందేహంపై 45 సెకన్ల వీడియోను ఉదాహరణగా ఇలా రూపొందించవచ్చు.

మొదటి 3 సెకన్లు: నీటి తొట్టిలో రెండు కాయలు వేయగా ఒకటి మునుగుతుంది, ఒకటి తేలుతుంది. మాట: "మునిగింది పెట్టెలోకి, తేలింది పక్కకు."

4 నుండి 15 సెకన్లు: రైతు ముఖం కనబడుతుంది. పేరు, ఊరు చెప్పి, ఈ ఉదయమే కోసిన కాయను పరీక్షిస్తున్నట్లు తెలియజేస్తాడు.

16 నుండి 30 సెకన్లు: రెండు కాయలనూ కోసి పక్కపక్కన చూపడం. గుజ్జు రంగులో తేడా కనబడే వరకు కెమెరా కదలకూడదు.

31 నుండి 38 సెకన్లు: కాటాపై పెట్టె, తూకం అంకె స్పష్టంగా.

39 నుండి 45 సెకన్లు: అభ్యర్థన. "ఈ వారం 140 పెట్టెలు ఉన్నాయండి. ధర తెరపై ఉంది. కావలసినవారు ఎన్ని పెట్టెలో, పిన్‌కోడ్ ఎంతో వాట్సాప్‌లో రాయండి."

చివరి భాగాన్ని చాలామంది నిర్లక్ష్యం చేస్తారు. లైక్ చేయండి, షేర్ చేయండి, సబ్‌స్క్రైబ్ చేయండి, ఫోన్ చేయండి అని నాలుగు పనులు ఒకేసారి అడిగితే చూసేవారు ఏదీ చేయరు. ఒక వీడియోకు ఒకే అభ్యర్థన ఉండాలి. ధరను దాచి 'వివరాలకు మెసేజ్ చేయండి' అనడం కూడా మేలు చేయదు. ధర తెలియక అడిగేవారికి జవాబు చెప్పడంలోనే కోత రోజు గడిచిపోతుంది. ధర, రవాణా ఖర్చు, చేరే రోజు తెరపై ఉంటే అడిగేవారి సంఖ్య తగ్గినా, అడిగినవారిలో కొనేవారి శాతం పెరుగుతుంది.

చిత్రీకరణలో మెలకువలు

ఫోనును నిలువుగా పట్టి, 9:16 నిష్పత్తిలో, 1080 × 1920 పిక్సెళ్ళ స్పష్టతతో తీస్తే సరిపోతుంది. తెర అడుగు భాగం, కుడి అంచు బొత్తాలతోను, శీర్షికతోను కప్పబడి ఉంటాయి. కాబట్టి ధర, ఊరి పేరు వంటి అక్షరాలను తెర మధ్యభాగంలోనే ఉంచాలి. ఫోనును ముక్కాలి పీటకు గాని, నిచ్చెన మెట్టుకు గాని ఆనించి తీస్తే చిత్రం వణకదు.

మామిడి తోటలో వెలుగు ఒక సమస్య. మధ్యాహ్నం కొమ్మల సందున పడే ఎండ మచ్చలు కాయ రంగును మార్చి చూపుతాయి. ఉదయం ఎండ ముదరక ముందు, సాయంత్రం ఎండ వాలిన తరువాత వెలుగు సమంగా ఉంటుంది. కాయ కోతకు అనుకూలమైన చల్లని వేళ కూడా ఉదయమే గనుక రెండు పనులూ కలిసి వస్తాయి. రంగును ఆకర్షణీయం చేసే ఫిల్టర్లు వాడరాదు. తెరపై బంగారు వన్నెలో కనిపించిన పండు పెట్టెలో లేత పసుపుగా ఉంటే, పండు మంచిదే అయినా కొన్నవారికి మోసపోయామన్న భావన కలుగుతుంది.

చిత్రం కొద్దిగా మసకగా ఉన్నా చూస్తారు గాని, గాలి హోరులో మాట వినబడకపోతే చూడరు. చొక్కాకు తగిలించే చిన్న మైకు కొనుక్కోవడం ఈ పనిలో పెట్టదగిన తొలి ఖర్చు. బస్సులో, కార్యాలయంలో శబ్దం ఆపివేసి చూసేవారు ఉంటారు కనుక మాటలను తెరపై తెలుగు అక్షరాలలో కూడా చూపాలి. రైతు తన యాసలోనే మాట్లాడాలి. వార్తలు చదివే గొంతును అరువు తెచ్చుకుంటే, అతడు రైతు అన్న రుజువే చెదిరిపోతుంది. సినిమా పాటల విషయంలో జాగ్రత్త అవసరం. వ్యక్తిగత ఖాతాలకు అనుమతించిన పాటలన్నీ వ్యాపార ప్రచారానికి అనుమతించినవి కావు. తోటలోని సహజ ధ్వనికి హక్కుల చిక్కు లేదు.

చట్టం గీసిన గీత

అమ్మకం కోసం తీసిన వీడియో, అది ఎంత చిన్నదైనా, చట్టం దృష్టిలో ప్రకటనే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. తిరిగి చేస్తే అది 50 లక్షల వరకు ఉండవచ్చు. ఇది ఉత్పత్తిదారుతో పాటు ఆ వస్తువును సిఫారసు చేసినవారికీ వర్తిస్తుంది. డబ్బు గాని, ఉచితంగా పండ్లు గాని తీసుకుని వీడియో చేసే ప్రభావశీలురు ఆ సంగతిని వీడియోలోనే స్పష్టంగా తెలియజేయాలి. సంఘాలు ఇటువంటివారితో ఒప్పందం చేసుకునేటప్పుడు ఈ షరతును ముందే రాసుకోవాలి.

'సేంద్రియ' అన్న మాటకు చట్టపరమైన అర్థం ఉంది. 2017 నాటి సేంద్రియ ఆహార నిబంధనల ప్రకారం ఈ పేరుతో అమ్మే ఆహారానికి ఎన్‌పీఓపీ గాని, పీజీఎస్-ఇండియా గాని ధ్రువీకరణ ఉండాలి. నేరుగా వినియోగదారునికి అమ్మే చిన్న ఉత్పత్తిదారులకు కొంత మినహాయింపు ఉన్నప్పటికీ, ధ్రువీకరణ లేనివారు 'జైవిక్ భారత్' చిహ్నాన్ని వాడరాదు. రైతు తన తోటలో పండించిన తాజా పండ్లను అమ్మడం వేరు, వాటితో తాండ్ర, ఊరగాయ తయారుచేసి అమ్మడం వేరు. రెండవ దానికి ఆహార భద్రత సంస్థ నమోదు లేదా లైసెన్సు అవసరం.

బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. వేరే రకాన్ని ఈ పేరుతో చూపడం ఆ గుర్తింపును పలుచన చేస్తుంది. తోటలో ఉన్నది తోతాపురి అయితే తోతాపురి అనే చెప్పాలి. దానికీ కొనేవారు ఉన్నారు.

పంట లెక్క ముందు, ప్రకటన లెక్క తరువాత

ఒక తోటలో ఈ వారం కోతకు వచ్చే కాయ 800 కిలోలని అంచనా వేశారనుకుందాం. మచ్చలున్నవి, లేతవి, దెబ్బతిన్నవి కలిపి పదో వంతు తీసివేస్తే మిగిలేది 720 కిలోలు. 5 కిలోల పెట్టెలలో అది 144. పగిలినవాటికి బదులు పంపడానికి 4 పెట్టెలు పక్కన ఉంచితే, వీడియోలో చెప్పవలసిన అంకె 140. ఆ అంకె పూర్తికాగానే వీడియో శీర్షికలో 'ఈ వారం పెట్టెలు అయిపోయాయి' అని మార్చాలి. మరుసటి వారపు కోతకు పేర్లు నమోదు చేసుకోవచ్చు గాని, ముందుగా డబ్బు తీసుకోవడం మంచిది కాదు. గాలివాన ఏ రాత్రి వస్తుందో ఎవరూ చెప్పలేరు.

వీడియోల క్రమాన్ని కూడా పంట దశలే నిర్ణయించాలి. పూత, పిందె దశలలో తోట పనులు చూపిన వీడియోలు అమ్మకం కోసం కావు, పరిచయం కోసం. కాయ ముదిరే దశలో పక్వత పరీక్ష, కోతకు ముందు ధర, పెట్టెల సంఖ్య, కోత రోజున ప్యాకింగ్ చూపాలి. పెట్టెలు చేరిన తరువాత కొన్నవారి అనుమతితో వారి మాటలు, దెబ్బతిన్న కాయకు బదులు ఇచ్చిన తీరు చూపాలి. చివరిది చాలామంది దాచాలనుకునే విషయం. కాని పొరపాటును సరిదిద్దిన వీడియో, మెప్పు చూపిన వీడియో కంటే ఎక్కువ నమ్మకాన్ని కలిగిస్తుంది. 'దెబ్బతిన్న కాయ వస్తే ఎవరిని అడగాలి' అన్న నాలుగవ సందేహానికి జవాబు అదే.

వీక్షణలు కాదు, కొనుగోళ్ళు

2025 మార్చి 31 నుండి యూట్యూబ్ షార్ట్స్‌లో వీడియో ఆడడం మొదలైతే చాలు, దానిని ఒక వీక్షణగా లెక్కిస్తున్నారు. తెరను మరుక్షణమే పైకి తోసినా ఆ అంకె పెరుగుతుంది. కాబట్టి వీక్షణల సంఖ్య ఆసక్తికి కొలమానం కాదు. ఆగి చూసినవారి శాతం, సగటున ఎంత భాగం చూశారు అన్న అంకెలు యూట్యూబ్ స్టూడియోలో లభిస్తాయి. అవి కొంత మెరుగైన సూచికలు.

అసలు కొలమానాలు మాత్రం రైతు నోటుపుస్తకంలో ఉండాలి. ఊహకు రెండు వీడియోలను తీసుకుందాం. మొదటి దానిని 50,000 మంది చూడగా 40 మంది అడిగి, 6 గురు కొన్నారు. రెండవ దానిని 3,000 మంది చూడగా 60 మంది అడిగి, 25 మంది కొన్నారు. వేదిక లెక్కలో మొదటిది గొప్పది, రైతు లెక్కలో రెండవది గొప్పది. రవాణా అందని దూర రాష్ట్రంలో లక్షమంది చూసిన దాని కంటే, ఆర్టీసీ కార్గో ఒక రాత్రిలో చేరే పట్టణంలో వెయ్యిమంది చూసినది విలువైనది. అందుకే ఊరు, జిల్లా, పంపగల పట్టణాల పేర్లు మాటలోను, శీర్షికలోను ఉండాలి.

పెట్టె ధర నుండి అట్ట పెట్టె, ప్యాకింగ్, రవాణా, చెడిన కాయలకు ఇచ్చిన పరిహారం, వీడియోలకు, జవాబులకు పట్టిన కుటుంబ శ్రమ విలువ తీసివేసి, మిగిలిన మొత్తాన్ని కిలోకు లెక్కించాలి. అదే రోజు మండీలో కమీషను, తరుగు, హమాలీ పోను వచ్చే ధరతో పోల్చాలి. కొన్ని వారాలలో మండీయే మెరుగని తేలవచ్చు. ఆ సంగతి తెలుసుకోవడం కూడా లాభమే. మొత్తం పంటను వీడియోల మీద ఆధారపడి అమ్మాలనుకోవడం వివేకం కాదు.

విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థుల పని

కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు ఇచ్చే శిక్షణలో చిత్రీకరణ మెలకువలకు ఒక పూట చాలు. మిగిలిన సమయం రెండు పనులకు కేటాయించాలి. మొదటిది, కొనుగోలుదారుల సందేహాల సేకరణ. శిక్షణకు వచ్చిన రైతులు పట్టణంలోని పదిమంది వినియోగదారులతో మాట్లాడి, వారి ప్రశ్నలను వారి మాటలలోనే రాసుకుని రావాలి. ఆ జాబితాయే వీడియోల జాబితా. రెండవది, చెప్పబోయే ప్రతి మాటను 'చూపగలం', 'పత్రం ఉంది', 'రెండూ లేవు' అన్న మూడు గడులలో వేయడం. మూడవ గడిలోని మాటలను శిక్షణ గదిలోనే కొట్టివేయాలి. ఈ పనిని రైతుకంటే శాస్త్రవేత్త బాగా చేయగలడు.

విద్యార్థులు ఈ రంగాన్ని పరిశోధనాంశంగా తీసుకునేటప్పుడు క్షేత్ర ప్రయోగపు క్రమశిక్షణను మరువరాదు. ఒకే విషయాన్ని రెండు ఆరంభాలతో తీసి పోల్చినపుడు తక్కిన అంశాలన్నీ, అంటే నిడివి, ధర, ప్రచురించే వేళ, మాట్లాడే వ్యక్తి, ఒకటిగానే ఉండాలి. అయినా ఏ వీడియోను ఎవరికి చూపాలన్నది వేదికయే నిర్ణయిస్తుంది గనుక ఇది యాదృచ్ఛిక కేటాయింపు కాదు. ఒక జత వీడియోలతో వచ్చిన తేడా, ఒకే మడిలో వచ్చిన దిగుబడి తేడా వంటిది. వేర్వేరు రైతులతో, వేర్వేరు వారాలలో పునరావృతం చేసినప్పుడే అది చెప్పదగిన ఫలితం అవుతుంది.

2020లో కేంద్ర ప్రభుత్వం 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘాల ఏర్పాటు పథకాన్ని ప్రారంభించిన నాటి నుండి, సంఘాలు పంటను సేకరించడం నేర్చుకున్నాయి. అమ్మడం నేర్చుకోవడం ఇంకా మిగిలి ఉంది. చిన్న వీడియో అందుకు ఒక పనిముట్టు. చిక్కం వంటిదే అది కూడా. కాయ ముదిరిందో లేదో చిక్కానికి తెలియదు, పట్టుకున్న చేతికి తెలియాలి. నీటిలో మునిగిన కాయను చూపి 140 పెట్టెలని చెప్పి, ఆ 140 పెట్టెలనూ చెప్పిన రోజుకు చేర్చిన రైతుకు మరుసటి వేసవిలో మొదటి వీడియో తీయకముందే ఫోను మోగుతుంది.